“దిగులు పట్టుకుంది” అన్న మనిషితో మాట్లాడడం: కొత్త కౌన్సెలర్లకు ఒక పద్ధతి

తెలుగు ప్రాంతాల్లో కౌన్సెలింగు గదిలోకి వచ్చీ రాగానే “నాకు డిప్రెషన్‌గా ఉంది” అని చెప్పేవారు ఎక్కువగా నగరాల్లో చదువుకున్న యువతే. మిగిలినవారు గుండె దడతోనో, తల బరువుతోనో, అరికాళ్ళ మంటలతోనో, అన్నం సయించకపోవడంతోనో మాట మొదలుపెడతారు. కోస్తాలో బెంగ, దిగులు అంటారు. తెలంగాణలో రంది, మనాది, బుగులు అంటారు. ఎక్కడివారైనా టెన్షన్ అంటారు, నరాల బలహీనత అంటారు. అప్పటికే ఇద్దరు ముగ్గురు డాక్టర్లను చూసి, స్కానింగులు చేయించుకుని, “అన్నీ నార్మల్‌గానే ఉన్నాయి, మీకేమీ లేదు” అనిపించుకుని వచ్చి ఉంటారు. నిద్ర లేక అల్లాడుతున్న మనిషికి “ఏమీ లేదు” అన్న మాట ఊరటనివ్వదు. నీ బాధ అబద్ధమన్నట్టుగా వినిపిస్తుంది.

2015–16లో బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య, నాడీ విజ్ఞాన సంస్థ (నిమ్హాన్స్) ఆధ్వర్యంలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో పెద్దవారిలో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని కూడా అదే సర్వే తేల్చింది. వైద్యుల కొరత ఇందుకు పెద్ద కారణమే. అయితే మానసిక ఆసుపత్రులున్న చోట్ల పేర్లతో హైదరాబాదులో “ఎర్రగడ్డకు పంపాలి” అనే మాట, విశాఖలో “వాల్తేరు కేసు” అనే మాట ఇప్పటికీ ఎగతాళిగా చలామణిలో ఉన్నాయంటే, గడప దాకా వచ్చిన మనిషి కూడా ఎందుకు వెనక్కి తిరుగుతాడో అర్థం చేసుకోవచ్చు. ఆ గడప దాటి వచ్చిన మనిషితో ఎలా మాట్లాడాలన్నదే ఈ వ్యాసంలోని విషయం. ఇందులో ప్రస్తావించిన క్లయింట్ల వివరాలు ఎవరినీ గుర్తుపట్టడానికి వీలు లేకుండా మార్చినవి.

ముందుగా ఒక అపోహను పక్కన పెడదాం. సంస్కృతిని గౌరవించే థెరపీ అంటే మధ్యమధ్య సామెతలు చెప్పడమనీ, గోడకు దేవుడి పటం తగిలించడమనీ, ఇంట్లో పెద్దలు చెప్పినదానికల్లా తల ఊపడమనీ అనుకునేవారు ఉన్నారు. నా దృష్టిలో అది ఒక క్రమశిక్షణ. ఎదుటి మనిషి తన బాధకు ఏ పేరు పెట్టుకున్నాడో, దానికి ఏ కారణం చెప్పుకుంటున్నాడో, ఎవరి మాటకు విలువ ఇస్తున్నాడో అడిగి తెలుసుకునేంత వరకు మన పుస్తకాల్లోని పేరును నాలుక చివరే ఆపి ఉంచడం. ఆప్యాయత కూడా అందులో నుంచే రావాలి, గొంతులోని తీపి నుంచి కాదు.

మొదటి పది నిమిషాలు

మంచినీళ్ళు ఇవ్వండి. ఎండలో రెండు బస్సులు మారి వచ్చిన మనిషి చేతికి ఫారం ఇచ్చి “ఇది నింపండి” అనడం ఆసుపత్రి కౌంటరులో చెల్లుతుంది కానీ కౌన్సెలింగు గదిలో చెల్లదు. నీళ్ళిచ్చే గ్లాసు మీరు తాగే గ్లాసు లాంటిదే అయి ఉండాలి. టీ కొట్లలో దళితులకు వేరే గ్లాసు పెట్టే రెండు గ్లాసుల పద్ధతిని చూసి పెరిగిన మనిషికి ఆ గ్లాసు మీకు తెలియకుండానే ఒక సంగతి చెబుతుంది.

అదే కారణంతో మాట కలపడం కోసం మనం అలవాటుగా అడిగే కొన్ని ప్రశ్నలను మానుకోవాలి. “మీ ఇంటిపేరేమిటి?”, “ఆ ఊళ్ళో ఎవరి తాలూకు?” అన్నవి పైకి పలకరింపులే. వాటి కింద “మీరేమిట్లు?” అన్న కులం ప్రశ్న దాగి ఉందని తెలుగువారందరికీ తెలుసు. కులం వల్ల కలిగిన అవమానమే బాధకు మూలమైతే, దాన్ని ఎప్పుడు, ఎంతవరకు చెప్పాలో క్లయింటే నిర్ణయించుకోవాలి. మీ పలకరింపు ఆ నిర్ణయాన్ని లాక్కోకూడదు. ఇలాంటి వినయాన్ని మెలానీ టెర్వలన్, జాన్ మరే-గార్సియా అనే ఇద్దరు అమెరికన్ వైద్యురాళ్ళు 1998లో ఒక వ్యాసంలో వివరించారు. ఎదుటివారి సంస్కృతి గురించి నాకు అంతా తెలుసు అన్న ధీమా కంటే, నాకు తెలియనిది ఎప్పుడూ మిగిలే ఉంటుందన్న ఎరుక మేలని వారి వాదన. మనం తెలుగువాళ్ళం, క్లయింటూ తెలుగువారే కాబట్టి ఈ మాట మనకు వర్తించదనుకుంటే పొరపాటు. గుంటూరు కౌన్సెలరుకు ఆదిలాబాదు గోండు యువతి జీవితం ఎంత తెలుసు? హైదరాబాదు పాతబస్తీలో పెరిగిన కౌన్సెలరుకు కౌలు రైతు ఇంటి లెక్కలు ఎంత తెలుసు?

పిలుపు విషయంలో తొందరపడవద్దు. “మిమ్మల్ని ఏమని పిలవమంటారు?” అని అడగడమే మంచిది. ఇంటర్ చదివే పిల్లవాడిని “మీరు” అంటే బిగుసుకుపోతాడు; వాడి తండ్రిని “నువ్వు” అంటే అక్కడితో ఆ సంబంధం అయిపోతుంది. వయసులో పెద్దవారిని “అమ్మా”, “అయ్యా”, “పెద్దాయనా” అనడం మనకు సహజం. తెలంగాణ పల్లెల్లో “అక్కా” అంటే ముఖం విప్పారుతుంది. అయితే వరస కలపడంలో ఒక చిక్కు ఉంది. ఒకసారి మీరు “అన్నయ్య” అయిపోతే, భర్తతో పడక దగ్గర ఎదురవుతున్న ఇబ్బందిని ఆమె ఇక మీతో చెప్పలేదు. “పిన్నిగారు” అయిపోతే ఆ కుర్రవాడు తన తాగుడు సంగతి దాస్తాడు. వరసలు దగ్గర చేస్తాయి, కొన్ని మాటలకు తలుపులు కూడా మూస్తాయి. అందుకే నేను పేరుకు “గారు” చేర్చి మొదలుపెట్టి, క్లయింటు తనంతట తాను ఏ వరసకు వస్తారో చూస్తాను.

కూర్చున్న తర్వాత మొదట మాట్లాడవలసింది గోప్యత గురించే. “కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది” అని వింటూ పెరిగిన మనిషికి “మీ వివరాలు గోప్యంగా ఉంచబడతాయి” అన్న ఆఫీసు వాక్యం ఏమాత్రం ధైర్యం ఇవ్వదు. నేను ఇలా చెబుతాను: “మీరు ఇక్కడ చెప్పింది బయట కూర్చున్న మీవాళ్ళకు కూడా నేను చెప్పను. మీ ప్రాణానికో, మరొకరి ప్రాణానికో ముప్పు ఉందనిపించినప్పుడు, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలపై లైంగిక దాడి జరిగిందని తెలిసినప్పుడు మాత్రం నేను ఊరుకోలేను. అప్పుడు కూడా ముందు మీకు చెప్పిన తర్వాతే మరొకరికి చెబుతాను.” 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షను గోప్యతను హక్కుగా ఇచ్చింది, పిల్లల విషయంలో ఫిర్యాదు తప్పనిసరి చేసినది 2012 నాటి పోక్సో చట్టం. క్లయింటుకు సెక్షన్ల అంకెలు అక్కరలేదు. మీకు మాత్రం అవి నోటికి వచ్చి ఉండాలి, ఎందుకంటే బయట కూర్చున్న బావగారు తప్పకుండా వచ్చి “ఏం చెప్పింది మేడమ్?” అని అడుగుతారు.

వారి మాటను పట్టుకోవడం

నా తొలి రోజుల్లో ఒక నడివయసు స్త్రీ వచ్చి, పుట్టింటి నుంచి వస్తుంటే చింతచెట్టు కింద గాలి సోకిందనీ, అప్పటి నుంచీ ఒళ్ళు తన స్వాధీనంలో లేదనీ చెప్పారు. అప్పుడే చదువు ముగించుకుని వచ్చిన ఉత్సాహంలో, “గాలీ ధూళీ ఏమీ ఉండవమ్మా, ఇది మనసుకు సంబంధించిన జబ్బు” అని ఎంతో వివరంగా బోధించాను. ఆమె అంతా శ్రద్ధగా విని, “అట్లాగేనండి” అని లేచి వెళ్ళిపోయారు, మళ్ళీ రాలేదు. ఆ సంగతి విన్న మా సీనియరు నన్ను ఒకే ప్రశ్న అడిగారు: “ఆ రోజు ఆమె పుట్టింటి నుంచి ఎందుకు వస్తోంది?” నేను అడగనే లేదు. ఒంటరిగా ఎందుకు వస్తోంది, పొద్దుపోయాక ఎందుకు బయలుదేరింది, పుట్టింటివారు ఏమని పంపారు, ఏదీ అడగలేదు. చెట్టు ఉందా, గాలి ఉందా అన్న వాదనలో నెగ్గాను. ఆ చెట్టు దాకా ఆమెను నడిపించిన కథ నా చేతికి రానేలేదు.

ఇలాంటి పొరపాటు జరగకుండా ఉండడానికి ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ మనోవైద్యుడు, రోగి తన జబ్బును ఎలా అర్థం చేసుకుంటున్నాడో రాబట్టే కొన్ని ప్రశ్నలను రూపొందించారు. ఆ దారిలోనే 2013లో వచ్చిన అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ రోగనిర్ధారణ గ్రంథం ఐదో కూర్పులో 16 ప్రశ్నల సాంస్కృతిక ఇంటర్వ్యూ చేరింది. వాటిని అనువదించి చదివితే పరీక్ష పేపరులా ఉంటుంది. మన మాటల్లో అడిగితే ఇలా ఉంటుంది: “ఈ బాధను మీ ఇంట్లో ఏమంటారు? ఇది ఎందుకు వచ్చిందని మీకు అనిపిస్తోంది, మీ అమ్మగారు ఏమంటున్నారు? ఇది వచ్చాక మునుపటిలా చేసుకోలేకపోతున్న పని ఏది? ఇప్పటిదాకా ఎవరెవరి దగ్గరికి వెళ్ళారు, దేనివల్ల కాస్తయినా ఊరట కలిగింది? అన్నిటికంటే మీకు దేనికి భయంగా ఉంది?” ఈ చివరి ప్రశ్న దగ్గర ఎక్కువసేపు ఆగండి. పిచ్చి ముదిరిపోతుందేమోనన్న భయం, పిల్లలకు పెళ్ళిళ్ళు కావేమోనన్న భయం చాలాసార్లు అసలు బాధను మించి ఉంటాయి.

“ఎలా ఉన్నారు?” అన్న ప్రశ్న మాత్రం వృథా. దానికి తెలుగులో ఒకే సమాధానం ఉంది: “బాగున్నామండి.” నిద్ర ఎన్ని గంటలకు పడుతోంది, నడిరేయి మెలకువ వచ్చాక ఏం చేస్తున్నారు, నిన్న రాత్రి ఏం తిన్నారు అని అడిగితే మనిషి పరిస్థితి తెలుస్తుంది.

తెలుగు భాష మనకు ఇచ్చిన ఒక వరం గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తెలుగులో చాలావరకు బాధ మనిషి చేసే పని కాదు, మనిషికి కలిగేది. భయం వేస్తుంది, కోపం వస్తుంది, ఏడుపు ఆగదు, దిగులు పట్టుకుంటుంది, పట్టుకున్నది వదులుతుంది. మనిషి వేరు, సమస్య వేరు అన్న సూత్రాన్ని ఆస్ట్రేలియాకు చెందిన మైఖేల్ వైట్, న్యూజీలాండ్‌కు చెందిన డేవిడ్ ఎప్‌స్టన్ తమ కథన థెరపీకి పునాదిగా చేసుకున్నారు. ఆ విధంగా మాట్లాడడానికి ఇంగ్లిషులో కొంత సాధన కావాలి; మన ఇళ్ళలో అందరూ అలాగే మాట్లాడతారు. ఆ వ్యాకరణాన్ని అలాగే వాడుకుంటూ పోతే సంభాషణ ఇలా నడుస్తుంది.

“దిగులు ఏ వేళప్పుడు పట్టుకుంటుందండీ?”

“దీపాలు పెట్టే వేళకండి.”

“ఆ వేళకు ఇంట్లో ఎవరుంటారు?”

“ఎవరూ ఉండరు. అబ్బాయి దుబాయిలో ఉన్నాడు. ఆయన పొలం నుంచి ఇంకా రారు.”

“అది వస్తున్నట్టు ముందుగా ఒంట్లో ఎక్కడ తెలుస్తుంది?”

“ఇదిగో, ఇక్కడ.” ఆమె గొంతు కింద చేయి పెట్టుకున్నారు.

“ఏ రోజైనా రాకుండా తప్పిపోయిందా?”

ఆమె కాసేపు ఆలోచించారు. “మొన్న శనివారం మా చెల్లెలు వచ్చిందండి. పిండివంట చేసుకున్నాం. ఆ రోజు రాలేదు.”

ఇక్కడ “మీకు డిప్రెషన్” అన్న మాట ఒక్కసారి కూడా రాలేదు, కానీ చికిత్సకు కావలసిన సరుకంతా వచ్చింది. సాయంత్రం వేళ, ఒంటరితనం, గొంతులో పట్టేసినట్టుండడం, చెల్లెలు, చేతికి పని. ఆ వేళకు చేయదగిన ఒక చిన్న పనిని ఇద్దరూ కలిసి ఎంచుకోవడమే తరువాతి మెట్టు. గోవాలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్లు ఆరు నుంచి ఎనిమిది సెషన్లలో ఇలా పనుల ద్వారా మనిషిని కదిలించే పద్ధతిని ఆచరించగా, తీవ్రమైన డిప్రెషన్ ఉన్నవారికి సైతం మేలు జరిగినట్టు 2017లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశోధన చూపింది. వారికి పెద్ద డిగ్రీలు లేవు. స్థానిక భాష, ఓపిక, పర్యవేక్షణ ఉన్నాయి.

మరికొన్ని మాటల కిటుకులు. ఆలోచనలను పట్టుకునే కాగ్నిటివ్ థెరపీ చేసేటప్పుడు “మీ ఆలోచన ఏమిటి?” అని అడిగితే క్లయింటు తన అభిప్రాయమో, భవిష్యత్తు పథకమో చెబుతారు, “ఆ క్షణంలో మనసులో ఏమనుకున్నారు?” అని అడిగితేనే మనకు కావలసింది వస్తుంది. బాధను సున్నా నుంచి పది వరకు కొలవమంటే చదువు రానివారు తడబడతారు. “రూపాయిలో ఎంత తగ్గింది?” అని అడగండి. “పావలా వంతు తగ్గింది” అనో, తెలంగాణలోనైతే “బారాణా పోయింది, చారాణా ఉంది” అనో తడుముకోకుండా చెబుతారు, వచ్చే వారం అదే కొలతతో పోల్చుకుంటారు కూడా. తెలుగులోని “మనం” ఒక వింత మాట. “మనకెందుకులే అని ఊరుకున్నాను” అన్నప్పుడు ఆ “మనం”లో ఉన్నది ఒక్క మనిషే కావచ్చు, అత్తింటివారంతా కావచ్చు. “మనం అంటే ఎవరెవరు?” అని మెల్లగా అడగండి. కొన్నిసార్లు ఆ ఒక్క ప్రశ్నతోనే సెషను గడిచిపోతుంది.

బయట కూర్చున్న కుటుంబం

క్లయింటు ఒంటరిగా రావాలని పాశ్చాత్య పాఠ్యపుస్తకం ఆశిస్తుంది. మన దగ్గర ముగ్గురు తీసుకొస్తారు, ఒకరు ఫోనులో ఉంటారు. దీన్ని అడ్డంకిగా చూడనవసరం లేదు. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రిలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల కుటుంబాలను ఆవరణలోనే గుడారాల్లో ఉంచి చికిత్సలో భాగస్వాములను చేశారు. మన దేశంలో కుటుంబంతో కలిసి చేసే మానసిక చికిత్సకు ఆయనను ఆద్యుడిగా చెప్పుకుంటారు. అయితే వరుస మాత్రం తప్పకూడదు. ముందు క్లయింటుతో విడిగా, ఆ తర్వాత క్లయింటు ఒప్పుకున్న విషయాల వరకు కుటుంబంతో, చివర మళ్ళీ రెండు నిమిషాలు క్లయింటుతో విడిగా మాట్లాడాలి. ఈ చివరి రెండు నిమిషాలను ఎగ్గొట్టే కౌన్సెలర్లను చాలామందిని చూశాను. కుటుంబం ముందు తల ఊపిన మనిషి నిజంగా ఒప్పుకున్నదీ లేనిదీ తెలిసేది అక్కడే.

కుటుంబ పటం గీసేటప్పుడు వరసలను వివరంగా రాసుకోండి. “అత్త” అంటే భర్త తల్లి కావచ్చు, తండ్రి తోబుట్టువు కావచ్చు. మేనరికం చేసుకున్న ఇంట్లో ఇద్దరూ ఒక్కరే కావచ్చు. అలాంటి ఇంట్లో కోడలు అత్తగారిపై ఫిర్యాదు చేయడమంటే తన తండ్రి అక్కపైనో చెల్లెలిపైనో ఫిర్యాదు చేయడమే. పుట్టింటికి వెళ్ళినా ఆ మాట వినేవారు ఉండరు. “హద్దులు గీసుకోండి, గట్టిగా కాదని చెప్పండి” అన్న సలహా అక్కడ ఆ కోడలిని రోడ్డు మీదికి నెట్టవచ్చు. ఇలాంటప్పుడు “ఈ ఇంట్లో మీ మాట ఎవరు వింటారు? వారి మాట ఎవరు వింటారు?” అని అడుగుతాను. చాలా ఇళ్ళలో మేనమామ మాటకు బరువు ఉంటుంది, కొన్నిచోట్ల పెద్ద ఆడపడుచుకు ఉంటుంది. క్లయింటు అనుమతితో ఆ మనిషిని ఒక సెషనుకు పిలిపించడం నెలల పాటు ధైర్య వచనాలు చెప్పడం కంటే ఎక్కువ పని చేసిన సందర్భాలు ఉన్నాయి.

“అమ్మాయిని కాస్త సర్దుకుపొమ్మని చెప్పండి, మీ మాట వింటుంది” అని పెద్దలు అడుగుతారు. ఇందులో మనకు ఒక గౌరవం ఉంది, ఒక ఉచ్చు కూడా ఉంది. 1973లో డాక్టర్ జస్వంత్ సింగ్ నేకీ, భారతీయ రోగి చికిత్సకుడిని గురువుగా భావిస్తాడు కాబట్టి గురుశిష్య సంబంధాన్నే చికిత్సకు నమూనాగా తీసుకోవచ్చని ప్రతిపాదించారు. ఆయన చెప్పినదానిలో నిజం ఉంది. సలహా ఇవ్వకుండా ప్రశ్నలే అడుగుతూ కూర్చుంటే “ఈయనకేమీ తెలియదు” అని మనవాళ్ళు లేచిపోతారు. అందుకే నిద్ర గురించి, మాత్రల గురించి, శ్వాస గురించి సూటిగా చెబుతాను. కాపురంలో ఉండాలా వద్దా, పెళ్ళి చేసుకోవాలా వద్దా అన్న చోట మాత్రం గురువు పీఠం దిగిపోతాను. “అమ్మాయి బాగుండడం కోసమే కదా తీసుకొచ్చారు, ఆమె ఏం కోరుకుంటోందో ఆమె నోటి నుంచే విందాం” అంటే కాదనే పెద్దలు తక్కువ.

దేవుడు, తాయత్తు, మాత్ర

చేతికి దారమో, మెడలో తాయత్తో కనిపిస్తే దాన్ని చూడనట్టు నటించవద్దు, నవ్వవద్దు. “ఇది ఎక్కడ కట్టించుకున్నారు? కట్టాక ఎలా ఉంది?” అని అడగండి. దర్గాలో ఒక రాత్రి నిద్ర చేయడం, బోనం ఎత్తడం, ఉపవాసం, భజన మనిషికి తోడునూ, ఒక క్రమాన్నీ, తనకు జరిగినదానికి ఒక అర్థాన్నీ ఇస్తున్నాయి. వాటిని లాక్కుంటే ఆ చోటును మనం పూరించలేం. నేను పెట్టుకున్న నియమం ఇది: పూజ ఆపమని ఎన్నడూ చెప్పను, మాత్ర ఆపవద్దని ప్రతిసారీ చెబుతాను. దెబ్బలు, వాతలు, గొలుసులు, ఆకలితో మాడ్చడం ఉన్నచోట మాత్రం మర్యాదలు పక్కన పెడతాను. 2001 ఆగస్టు 6న తమిళనాడులో దర్గా ఉన్న ఏర్వాడిలోని ఒక మానసిక రోగుల ఆశ్రయంలో మంటలు చెలరేగినప్పుడు గొలుసులతో కట్టివేసిన మానసిక రోగులు తప్పించుకోలేక 28 మంది చనిపోయారు. మానసిక రోగిని ఏ రూపంలోనూ గొలుసులతో బంధించకూడదని 2017 చట్టంలోని 95వ సెక్షను చెబుతోంది.

భక్తితో కలిసి పని చేయడానికి అయ్యప్ప దీక్ష మంచి ఉదాహరణ. ఏళ్ళ తరబడి తాగే మనిషి మాల వేసుకున్న 41 రోజులు చుక్క ముట్టడు. “మీకు మానగలిగే శక్తి ఉంది, మీరే చూపించారు” అని చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? కాబట్టి చలికాలానికి ముందే ఆ ఇంటివారితో మాట్లాడి, దీక్ష రోజుల్లో వారానికొకసారి రమ్మని, “మాల తీసిన మర్నాడు సాయంత్రం ఎక్కడ ఉంటారు, ఎవరితో ఉంటారు?” అన్న ప్రశ్న చుట్టూ పథకం వేసుకోవాలి. చాలామంది జారేది ఆ సాయంత్రమే. ఒక హెచ్చరిక తప్పనిసరి. రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతి తప్పడం వరకు వెళ్ళి ప్రాణం మీదికి రావచ్చు. మాల వేసుకునే ముందే వైద్యుడికి చూపించాలి. అలాగే మనసు పొంగు, కుంగుబాటు మధ్య ఊగే జబ్బుకు ఇచ్చే లిథియం మాత్రలు వాడేవారు నీళ్ళు కూడా తాగకుండా ఉపవాసాలు, రోజాలు ఉంటే రక్తంలో మందు మోతాదు మించే ప్రమాదం ఉంది. “ఉపవాసం మానండి” అని మనం తీర్పు చెప్పే బదులు, పండుగకు ముందే మనోవైద్యుడి దగ్గరికి పంపాలి. మందులు రాయడం కౌన్సెలరు పని కాదు. మందులు అవసరమైన మనిషిని గుర్తించి సమయానికి పంపడం మాత్రం కౌన్సెలరు పనే. లేని గొంతులు వినిపిస్తున్నా, రోజుల తరబడి నిద్ర లేకుండా ఉత్సాహం పొంగుతున్నా, తిండి పూర్తిగా మానేసినా ఆలస్యం చేయకూడదు.

చావు మాట వచ్చినప్పుడు

“ఎందుకండీ ఈ బతుకు”, “నేను పోతే వీళ్ళు సుఖపడతారు” వంటి మాటలు మన ఇళ్ళలో ఎంత తరచుగా వినిపిస్తాయంటే, వాటిని ఊతపదాలుగా తీసుకుని దాటేసే ప్రమాదం ఉంది. దాటవద్దు. “చచ్చిపోవాలని అనిపిస్తోందా? ఎలా అని ఆలోచించారా?” అని నిలకడైన గొంతుతో, సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందన్న భయం అక్కరలేదు. తనలోని మాటను మరొకరు పలికినందుకు చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. వ్యవసాయం చేసే ఇళ్ళలో పురుగుమందు ఎక్కడ ఉంటోందో అడిగి, ఆ రోజే దాన్ని ఇంట్లో నుంచి తీయించి మరొకరి తాళం కిందికి చేర్చమని కుటుంబాన్ని కోరండి. ఆ ఆవేశం చాలాసార్లు కొద్దిసేపటిదే కాబట్టి, ఆ కొద్దిసేపు చేతికి అందకపోవడమే ప్రాణం నిలుపుతుంది. అలాంటి రోజు మనిషిని ఒంటరిగా ఇంటికి పంపకూడదు. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను సేవ 14416 నంబరులో రాత్రింబగళ్ళు ఉచితంగా, తెలుగులో కూడా అందుతుంది. ఆ నంబరు రాసిన కాగితం ఇవ్వడంతో ఆగకుండా మీ ఎదురుగానే ఫోనులో సేవ్ చేయించండి. “పోలీసు కేసు అవుతుంది” అని దాచిపెట్టే కుటుంబాలకు, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషిని తీవ్రమైన ఒత్తిడికి లోనైన వ్యక్తిగా భావించి శిక్షకు దూరంగా ఉంచాలని 2017 చట్టంలోని 115వ సెక్షను చెబుతోందని వివరించండి.

సంప్రదాయమే గాయమైనప్పుడు

ఇంతవరకు చెప్పినదాన్ని చూసి, ఆచారం ఏది చెబితే దానికి తలవంచమంటున్నానని ఎవరైనా అనుకోవచ్చు. గౌరవించవలసింది ఎదురుగా కూర్చున్న మనిషిని. ఆమె ఏ ఆచారాన్ని ఊతంగా పట్టుకుంటే దాన్ని గౌరవిస్తాం, ఏది ఆమెను నలిపేస్తుంటే దాన్ని గాయం అనే అంటాం. కులాంతర ప్రేమ, ఒకే లింగానికి చెందినవారి ప్రేమ, పెళ్ళి వద్దనడం జబ్బులు కావు. సమాజంలోని నైతిక, సాంస్కృతిక విలువలకో, మత విశ్వాసాలకో ఒక మనిషి అనుగుణంగా లేనంత మాత్రాన మానసిక రోగి అని నిర్ధారించకూడదని అదే చట్టంలోని 3వ సెక్షను స్పష్టంగా అంటోంది. “మావాడిని మార్చండి, ఎంతయినా ఇస్తాం” అని వచ్చిన తల్లిదండ్రులను నేను కసరలేదు, మార్చడానికీ ఒప్పుకోలేదు. “మార్చే వైద్యం లేదు. మీకు కలిగిన దెబ్బ గురించి మాట్లాడుకోవడానికి మీరిద్దరూ రండి” అన్నాను. తండ్రి రాలేదు. తల్లి నాలుగు నెలలు వచ్చారు.

ఇంగ్లిషు చదువులు చదివిన యువత గురించి ఒక చిన్న మాట. వారు తమ బాధను ఇంగ్లిషులో చక్కగా, చల్లగా వివరిస్తారు. తండ్రి తిట్టిన తిట్టు మాత్రం తెలుగులోనే గుర్తుంటుంది. “ఆయన ఏమన్నారో ఆయన మాటల్లోనే చెప్పగలరా?” అని అడగండి. కళ్ళలో నీళ్ళు తిరిగేది అప్పుడే. విదేశాల్లో పెరిగిన తెలుగు పిల్లలకు కూడా ఇది వర్తిస్తుంది. కాకపోతే అమెరికాలో ఉన్న క్లయింటుకు ఇక్కడి నుంచి ఆన్‌లైన్‌లో థెరపీ చేయాలనుకుంటే, అక్కడ లైసెన్సు రాష్ట్రాన్ని బట్టి ఉంటుందని ముందుగా తెలుసుకోండి.

సీతాఫలాల బుట్ట, శుభలేఖ

కోలుకున్న క్లయింటు సీతాఫలాలో, మామిడిపళ్ళో, మొదటి జీతంతో స్వీటు డబ్బానో తెస్తారు. నియమావళి పేరు చెప్పి తిప్పి పంపితే ముఖం మీద తలుపు వేసినట్టవుతుంది. తినే వస్తువైతే తీసుకుని అక్కడున్న అందరికీ పంచుతాను. డబ్బు, బంగారం, బట్టలు తీసుకోను, ఎందుకు తీసుకోనో చెబుతాను. కాళ్ళకు దండం పెట్టబోతే లేచి నిలబడి చేతులు జోడిస్తాను. సెషన్లను ఒక్కసారిగా ముగించకుండా వారం నుంచి నెలకు, నెల నుంచి మూడు నెలలకు పలచబరుస్తాను. “ఇక రానక్కరలేదు” అన్న మాట మన చెవులకు “ఇక రావద్దు” అన్నట్టుగా వినిపిస్తుంది.

ఆ తర్వాత ఒక రోజు శుభలేఖ వస్తుంది, పసుపు అంటించిన అంచులతో. వెళ్ళాలా వద్దా అన్నదానికి ఒకే సమాధానం లేదు. నేను మాత్రం ఆ పెళ్ళికూతురినే అడిగాను: “అక్కడ ఎవరైనా అడిగితే నేను మీకు ఏమవుతానని చెప్పమంటారు?” ఆమె నవ్వి, చాలాసేపు ఆలోచించి, “భోజనాల వేళకు కాకుండా తలంబ్రాల వేళకు రండి. ఆ హడావిడిలో ఎవరూ ఏమీ అడగరు” అన్నారు. వెళ్ళి, అక్షింతలు వేసి, వచ్చేశాను.